కార్పొరేటర్ అయిన మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి ముంబయి నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు గెలిచావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పారిశుద్ధ్య కార్మికులు చందాలు వేసుకుని గెలిపించుకున్న మనిషివి, మెచ్చుకోళ్లు నీకు ఎటూ వస్తాయి. నేను ఇక్కడ ఒక విడత కార్పొరేటర్‌గా చేసిన తప్పులు నీకు పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

కార్పొరేషన్ సభను యూనియన్ గేటు మీటింగు అనుకున్నాను. గమ్‌బూట్లు, చేతి తొడుగుల గురించి నలభై నిమిషాలు మాట్లాడితే గ్యాలరీలో మనవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో టీ తాగడానికి బయటికొచ్చాను. తిరిగి వెళ్లేసరికి వాళ్ల కాంట్రాక్టునే పాత షరతులతో మరో ఏడాది పొడిగించేశారు. అది అజెండాలో లేదు, అప్పటికప్పుడు బల్ల మీదికి వచ్చింది. మీ వైపు టేబుల్ అజెండా అంటారే, అదే. సభ ముగిసేదాకా కుర్చీ వదలకు. చదవని కాగితం వస్తే వాయిదా అడుగు, ఇవ్వకపోతే నీ అసమ్మతిని మినిట్స్‌లో రాయించు.

కార్పొరేషన్లో అమలు అధికారం కమిషనర్‌ది. బొంబాయికి 1888లో తెల్లవాళ్లు చేసిన చట్టం అంతే, హైదరాబాదు 1955 చట్టం చట్రమూ అదే. కాబట్టి ఉపన్యాసం కంటే టెండరు షరతు విలువైనది. పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు చూపించాకే బిల్లు చెల్లించాలని ఒక్క వాక్యం చేర్పించగలిగితే, నా నలభై నిమిషాల కంటే ఎక్కువ సాధించినట్టు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే కార్పొరేషనే, చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. అధికారులకు ఆ సంగతి తెలుసు, ఎవరూ అడగరని ధీమా.

కాగితంలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడు. ఇక్కడ చెత్త ఎత్తే కాంట్రాక్టు ఏర్పాటుకు ‘హైదరాబాద్ పద్ధతి’ అని పేరు పెట్టారు (మన ఊరికి దక్కిన కీర్తి!). అందులో పనిచేసేవాళ్లు కార్మికులు కారట, స్వచ్ఛంద సేవకులట. ఇలాంటి ముసుగుల మీద ఇక్కడి చెత్త కార్మికుల యూనియన్ కచరా వాహతూక్ శ్రమిక్ సంఘ్ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. చివరికి 2017లో సుప్రీంకోర్టులో 2,700 మందికి పర్మనెంట్ ఉద్యోగాలు ఖాయమయ్యాయి.

కార్మిక నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్ పేరు నువ్వూ ఎత్తుతుంటావు. నేను కుర్రవాడిగా ఈ నగరానికి వచ్చేనాటికి ఆయన ఇక్కడ కార్పొరేటర్. 1961లో గెలిచాడు. 1967 లోక్‌సభ ఎన్నికల్లో, ఇదే నగరానికి మేయర్‌గా చేసిన ఎస్.కె. పాటిల్‌ను దక్షిణ బొంబాయిలో ఓడించాడు. 1974 రైల్వే సమ్మె, మంత్రి పదవులు అందరికీ గుర్తున్నాయి. నాకు మాత్రం ఆ కార్పొరేటర్ రోజుల మనిషే ఇష్టం. బస్సులు నడిపే బెస్ట్ సంస్థ కార్పొరేషన్‌దే. కార్మికులను కూడగట్టేవాడు వాళ్ల యజమాని సభలోనే సభ్యుడన్నమాట. ఇప్పుడు నీ ఇరకాటమూ అదే.

అది సమ్మెలో బయటపడుతుంది. ఒకసారి మావాళ్లు పని ఆపిన అయిదో రోజు వార్డు జనం చెత్త బుట్టలు తెచ్చి మా గుమ్మంలో కుమ్మరించారు. మీ అత్తయ్య నన్ను కాదు, జనాన్ని సమర్థించింది! ఓటు అడగడానికి వెళ్లిన ఇళ్లకే సమ్మె ఎందుకో చెప్పడానికి వెళ్లలేదని ఆమె కోపం. నిజమే. సమ్మె నోటీసు కమిషనర్‌కు చేరిన రోజే నువ్వు వీధివీధికీ వెళ్లు, నీ పక్కన ఊడ్చే మనిషిని నిలబెట్టి, జీతం ఎంతో ఆమె నోటితోనే చెప్పించు.

యూనియన్ కార్యదర్శి పదవి ఇంకొకరికి అప్పగించు. కష్టంగా ఉంటుంది, నేను అప్పగించలేక రెండు పనులూ చెడగొట్టుకున్నాను. సభ్యత్వ కార్డు మాత్రం ఉంచుకో, నెలనెలా చందా కట్టు. వారానికి రెండు రోజులైనా తెల్లవారుజామున హాజరు వేసే మస్టరు దగ్గర నిలబడు. ఎవరి హాజరు ఎవరు దొంగిలిస్తున్నారో తెలిసేది అక్కడే.

కాంట్రాక్టర్ల కార్లు ఎక్కవద్దని వేరే చెప్పాలా?

వచ్చే స్టాండింగ్ కమిటీ అజెండా చేతికి రాగానే టెండరు ప్రతులు నాకు పంపు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి.

నీ మామయ్య