ఆగిపోయిన మోడల్ మాస్టర్ గ్రే రంగును తిరుపతిలో కలిపించుకోవచ్చా?

కలిపించుకోవచ్చు. కానీ మీ ఎఫ్-16 యుద్ధవిమానం మోడల్‌కి అంత దూరం వెళ్లాల్సిన పని ఉండదేమో. 1/72 సైజు (అసలు విమానంలో 72వ వంతు) మోడల్‌కి కింది భాగం సగం వేశాక లైట్ ఘోస్ట్ గ్రే సీసా గడ్డ కట్టిపోయిందనీ, ఆ రంగు ఎక్కడా దొరకట్లేదనీ రాశారు. ఈ రంగులు అమ్మిన టెస్టర్స్ కంపెనీ వాళ్లు 2013లోనే తమ ఫ్లోక్విల్, పాలీస్కేల్ బ్రాండ్ల రంగులు ఆపేశారు. తర్వాత మీ సీసా బ్రాండు మోడల్ మాస్టర్‌కీ అదే గతి పట్టింది. ఎవరి దగ్గరో మిగిలిన పాత సీసాని నెట్‌లో నాలుగింతలు పెట్టి కొనకండి. లోపల ఎనామెల్ గట్టిపడి ఉంటే ఏ థిన్నరూ దాన్ని మళ్లీ రంగు చెయ్యలేదు.

సీసా మీది పేరు కంటే నంబరు ముఖ్యం: ఎఫ్ఎస్ 36375. ఎఫ్ఎస్ అంటే ఫెడరల్ స్టాండర్డ్, ఈ నంబరు అమెరికా ప్రభుత్వ రంగుల పట్టిక ఫెడరల్ స్టాండర్డ్ 595 లోది. మొదటి అంకె మెరుపుని చెబుతుంది: 1 గ్లాసీ, 2 సెమీగ్లాస్, 3 మ్యాట్. రెండో అంకె 6 అంటే గ్రే. కాబట్టి ఎక్కడైనా 16375 అని కనిపిస్తే రంగు అదే, మెరుపు మాత్రమే వేరు. ఇదే నంబరుకి మిస్టర్ కలర్ బ్రాండులో 308, హంబ్రాల్ బ్రాండులో 127 ఉన్నాయి. ముందు వీటిలో ఒకటి తెప్పించుకోండి.

అయితే నంబరు ఒకటే కదా అని పాత రంగు పక్కనే వేస్తే అతుకు కనిపిస్తుంది. ఒక్కో కంపెనీ వాడే పిగ్మెంట్లు వేరు. చిన్న మోడల్ మీద రంగు ముదురుగా కనిపిస్తుందని కొందరు ముందే కాస్త తెల్లగా చేసి అమ్ముతారు. మీరు పోల్చాల్సింది ఛార్టుతో కాదు, మీ మోడల్ మీద ఇప్పటికే ఆరి ఉన్న రంగుతో.

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చిన పాఠం చిత్తూరులో లారీలకు రంగులేసే ఒక బోర్డు ఆర్టిస్టు దగ్గర నేర్చుకున్నది. ఆయన పాత అక్షరాన్ని సరిచేసేటప్పుడు ఎప్పుడూ లేత రంగుతో మొదలుపెట్టి అందులోకి ముదురు చుక్కలు వేస్తాడు, తిరగేసి ఎప్పుడూ చెయ్యడు. కలిపింది పాత రంగు మీదే ఒక చుక్క పెట్టి, "ఆరేదాకా ఏం మాట్లాడొద్దన్నా" అంటాడు. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. ఎనామెల్ అయితే ఒక రాత్రి ఆగాలి. ఓపిక లేనివాళ్లకి ఈ హాబీ ఎందుకో నాకు అర్థం కాదు.

గ్రే విషయానికొస్తే, తెలుపులో నలుపు కలిపినంత మాత్రాన అది 36375 అయిపోదు. అందులో సన్నగా నీలం జీర ఉంటుంది. ఆ నీలాన్ని టూత్‌పిక్ మొనతో కలపండి. ఎక్కువైతే ఇంకాస్త తెలుపు పోసి లాభం లేదు, లేతబడుతుంది గానీ నీలం పోదు. చిటికెడు బ్రౌన్ పడితేనే అణుగుతుంది. కొలతకి మెడికల్ షాపులో దొరికే 1 మి.లీ. సిరంజి, సూది తీసేసి వాడండి. ట్రయల్ ముక్క మీద కూడా మోడల్‌కి వేసిన ప్రైమరే ఉండాలి.

పోల్చేటప్పుడు తెల్ల అట్టముక్కకి పక్కపక్కనే రెండు రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి పాత రంగు, రెండోదాంట్లోంచి కొత్తది చూడండి. అప్పుడు చుట్టూ ఉన్న రంగులు కంటిని మోసం చెయ్యవు. ట్యూబ్‌లైట్ కింద సరిపోయిన జత వరండా వెలుగులో విడిపోవచ్చు, పిగ్మెంట్లు వేరైతే అంతే. రెండు చోట్లా చూడండి, కానీ మోడల్‌ని చివరికి పెట్టే చోటి వెలుగుకే ఎక్కువ విలువ ఇవ్వండి. రెండూ ఒకే ఫొటోలో తీసి బ్లాక్ అండ్ వైట్ చేస్తే లేత, ముదురు తేడా ఉందో లేదో తేలిపోతుంది.

ఇంత చేసినా రెండు రంగుల్నీ రెక్క మధ్యలో కలపొద్దు. ప్యానెల్ లైన్ (రెండు రేకులు కలిసే గీత) దాకానో, రెక్క ఫ్యూజలేజ్‌ని, అంటే విమానం మొండాన్ని కలిసే చోటి దాకానో కొత్త రంగు తీసుకెళ్లి అక్కడ ఆపండి. నిజం విమానాల్లో కూడా మార్చిన ప్యానెల్ పక్కదానితో అచ్చంగా కలవదు, కాబట్టి అక్కడ కాస్త తేడా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు.

ఇక మీరు అడిగిన దుకాణం సంగతి. గోడల రంగులు కలిపే మెషీన్ల జోలికి పోకండి, ఆ ఎమల్షన్ ఎయిర్‌బ్రష్‌లోకి పనికిరాదు, పైగా డబ్బాల లెక్కన కొనాలి. కార్ల పెయింట్ కలిపే షాపులు నయం. రేణిగుంట రోడ్డు వైపు వెతకండి, కొద్ది మొత్తం కలిపిస్తారేమో ముందే అడగండి. అక్కడ రంగుని కొలిచే పరికరానికి చదునైన జాగా కావాలి, 1/72 రెక్క దానికి చాలదు. కాబట్టి మీకు నచ్చిన మిశ్రమాన్ని ఒక ప్లాస్టిక్ షీటు మీద వేసి తీసుకెళ్లండి. కార్ల పెయింట్‌లోని థిన్నర్ వట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, ప్రైమర్ తప్పనిసరి. మీ పాత ఎనామెల్ మీద ఈ పెయింట్ నేరుగా పడితే ఆ ఎనామెల్ ముడతలు పడొచ్చు కాబట్టి ఆ వైపుకి టేపు వెయ్యండి. నవంబరు, డిసెంబరు వానల్లో మాత్రం ఈ కార్ల పెయింట్ వెయ్యకండి, గాలిలో తేమకి పొగ పట్టినట్టు తెల్లబారుతుంది. పొడి రోజు చూసుకుని పల్చగా రెండు మూడు కోట్లు వేసి, బాగా ఆరాక మోడల్ మొత్తానికి ఒకే మ్యాట్ వార్నిష్ కొట్టండి. పాత, కొత్త రంగుల మెరుపు అప్పుడు ఒకటవుతుంది.