ఉద్దానంలో ఉన్నవాళ్లు ముందు క్రియాటినిన్ చూపించుకోండి, అశ్వగంధ సంగతి తర్వాత

ప్రశ్న: మాది కంచిలి. అమ్మకి ఎప్పుడూ ఆందోళన, గుండె దడ. ఇంగ్లీషు మందులు వద్దంటోంది. అశ్వగంధ, మెగ్నీషియం లాంటి సహజమైనవి వాడొచ్చా? మీలో ఎవరికైనా పనిచేశాయా?

కంచిలి అని రాశారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. మాది వజ్రపుకొత్తూరు మండలం. ఇదే ప్రశ్న ఏ హైదరాబాదు నుంచో వచ్చి ఉంటే చదివి ఊరుకునేదాన్ని. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మనిషి పొడి గానీ, గుళిక గానీ, కషాయం గానీ నోట్లో వేసుకునే ముందు కిడ్నీల సంగతి తేలాలి. అమ్మగారికి ఈ మధ్య క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించారా? కిడ్నీలు దెబ్బతింటే పెరిగేది అదే. లేకపోతే రేపు పొద్దున్నే ఆ పని చూడండి.

మా అత్తకి ఈ భయం తిత్లీతో పట్టుకుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి తలుపుకి ధాన్యం బస్తాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరి చెట్లు నడిమికి విరిగిపోయాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అవన్నీ అత్తా మామయ్యా కడవలతో నీళ్లు మోసి పెంచినవి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అరవై దాటిన మనిషి ఆ లెక్క వేసుకుంటే గుండె ఎలా నిలుస్తుంది? అప్పటినుంచి ఈదురుగాలి మొదలైతే చాలు, మంచం మీద లేచి కూర్చుంటుంది. “గాలేస్తంటే గుండె అదిరిపోతందమ్మా” అంటుంది. అరచేతులు చల్లబడిపోతాయి, చెమటలు పడతాయి.

చూసిపోయిన చుట్టాలందరూ ధైర్యం చెప్పారు. ధైర్యంగా ఉండమంటే ఉండగలిగేదైతే ఆవిడే ఉండేది కదా! మా ఆడపడుచు మాత్రం సంతలో ఒకాయన దగ్గర పొడి కొని తెచ్చింది. పాత పేపర్లో కట్టిన పొట్లం. కాగితానికి నూనె మరక, విప్పితే కర్పూరం వాసన, పొడి ఇటిక రంగులో ఉంది. బెంగకి, నిద్రకి, మోకాళ్ల నొప్పులకి అన్నింటికీ అదే మందట. రాత్రి పాలల్లో వేసుకుని తాగేది. నిద్ర పట్టింది, కాదనను. పొద్దెక్కినా లేవలేకపోయేది. మాట కూడా ముద్దముద్దగా వచ్చేది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. చెబితే నేనేదో పడని కోడలిలా మాట్లాడుతున్నానని ఇంట్లో అనుకున్నారు.

తర్వాత మా ఊళ్లో కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు బలవంతంగా తీసుకెళ్లాను. క్రియాటినిన్ అంతకుముందు ఏడాది కంటే పెరిగింది. డాక్టరు గారు కాగితం చూసి, ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మన్నారు. సంచి బల్ల మీద బోర్లిస్తే బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, అడుగున ఈ పొట్లం. ఆయన పొట్లం విప్పి, వేలితో కాస్త తీసి చూశారు.

“ఇందులో ఏముందమ్మా?”

“చెట్ల మందు బాబూ, ఏటీ చెయ్యదు.”

ఆయన కోప్పడలేదు. తయారు చేసినవాడి పేరు లేదు, ఏమేం కలిపారో లేదు, ఎంత వేసుకోవాలో లేదు, ఇది మందని ఎలా అనుకోవాలి అన్నారు. ఇలాంటి పొడుల్లో కొన్నిటిలో నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు నూరి కలుపుతారట. కొన్నిటిలో సీసం, పాదరసం కూడా బయటపడ్డాయట. పొడితో పాటు, కిడ్నీలకి చేటని నొప్పి మాత్రలు కూడా ఆపించారు. తర్వాత చేయించిన పరీక్షలో అంకె కాస్త దిగింది. ఏది కారణమో డాక్టరు గారు తేల్చి చెప్పలేదు. నా నమ్మకం మాత్రం ఆ పొట్లమే.

మన దగ్గర ఇన్నేళ్లుగా ఇంతమంది డయాలసిస్‌కి ఎక్కుతున్నారు. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కట్టారు. హిరమండలం నుంచి తాగునీళ్లు తెచ్చారు. అసలు కారణం ఏమిటన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట పేరు లేని పొట్లాలు అమ్మేవాళ్లని ఎవరూ అడగరు. ఫోన్లో వీడియోలు పెట్టి “కెమికల్స్ లేవు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు” అంటూ డబ్బాలు అమ్మేవాళ్లనీ అడగరు. చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిదేనా? గన్నేరు పప్పు కూడా చెట్టుకి కాసిందే.

ఇక మీరు అడిగిన రెండిటి గురించి. అశ్వగంధ మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి. కొన్ని వారాలు వాడాక కొందరికి ఒత్తిడి తగ్గిందని, నిద్ర మెరుగైందని వాటిలో తేలింది. కానీ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, కాబట్టి థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. నిద్ర మాత్రలతో కలిస్తే మత్తు ఎక్కువవుతుంది. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లకి ఆ రెండూ మరీ పడిపోవచ్చు. లివర్ దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. గర్భిణులు అసలు వాడకూడదు. మెగ్నీషియం విషయానికొస్తే, కిడ్నీలు బాగుంటే ఎక్కువైంది మూత్రంలో పోతుంది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పేరుకుపోతుంది. అప్పుడు బీపీ పడిపోతుంది, ఒళ్లు నీరసిస్తుంది, గుండె కొట్టుకోవడంలోనే తేడా వస్తుంది. దడ తగ్గాలని వేసుకున్నది గుండెకే ముప్పు తెస్తుందన్నమాట. మనకి అలవాటైన కొబ్బరి నీళ్లతోనూ ఇదే జాగ్రత్త. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు వద్దనే అంటారు.

గుండె దడ అంతా మనసుదే అనుకోకండి. థైరాయిడ్ ఎక్కువున్నా, రక్తం తక్కువున్నా అలాగే ఉంటుంది. క్రియాటినిన్‌తో పాటు ఆ రెండు పరీక్షలూ, ఒక ఈసీజీ చేయించండి.

మా అత్తకి పనిచేసింది ఏమిటంటే, మొట్టమొదట టీవీ కట్టేయడం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినపడితే చాలు, ఈ చానెళ్లు సైరన్లు వేసి, ఎర్ర బొమ్మలు తిప్పి, ఎప్పటివో తుపాను దృశ్యాలు చూపిస్తాయి. వాతావరణ శాఖ మామూలుగా చెప్పే మాటకి అంత గోల దేనికి? ఇప్పుడు తుపాను హెచ్చరికలు నేను ఫోన్లో చూసి ఆవిడకి అవసరమైనంత వరకే చెబుతాను. సాయంత్రం టీ మాన్పించాను, అది మానాక నిద్ర బాగా కుదిరింది. గాలి మొదలైనప్పుడు పక్కన కూర్చుని ఇద్దరం ఊపిరి తీస్తాం. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ముక్కుతో పీల్చి, ఆరు అంకెల సేపు నెమ్మదిగా వదలాలి. మొదట్లో “ఇదేటి సిన్నపిల్లల ఆట” అని విసుక్కుంది. ఇప్పుడు తనే నా చెయ్యి పట్టుకుని మొదలెడుతుంది. పొద్దున్న తోటలోకి వెళ్లి కొత్త మొక్కల దగ్గర గడ్డి పీకి వస్తుంది. ఏ గుళికా దానికి సాటి రాదని నేను పందెం కాస్తాను.

అయినా తగ్గని రోజులున్నాయి. అలాంటప్పుడు 14416కి ఫోన్ చేశాం. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేసే లైను. డబ్బులక్కర్లేదు, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అమ్మగారు మందులు వద్దంటున్నారు కాబట్టి ఇది నయం, మాత్రల మాట ఎత్తకుండా ముందు ఆవిడ చెప్పేది వింటారు. అవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో వాళ్లే చెబుతారు.

అశ్వగంధ డబ్బా ఇప్పటికే కొనేసి ఉంటే మూత తీయకండి. పరీక్ష కాగితాలతో పాటు డాక్టరుకి చూపించండి. అమ్మగారు మోకాళ్లకో నడుముకో నొప్పి మాత్రలు వేసుకుంటుంటే, అడగకపోయినా చెప్పండి.