అనుకోని దారిలో కుదురుకున్నాను.. అయినా రాత్రిళ్లు ఎందుకీ గాభరా?

ప్రశ్న: నా వయసు 29. బీటెక్ సివిల్ చేశాను. హైదరాబాద్‌లో ఉండి కొన్నేళ్లు గ్రూప్-2కి ప్రిపేర్ అయ్యాను గానీ ఉద్యోగం రాలేదు. ఖాళీగా ఎందుకని కడియంలో మా మేనమామ నర్సరీలో లెక్కలు చూడటానికి వెళ్లి అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లన్నీ నేనే చూస్తున్నాను. పని నచ్చింది. డబ్బుకూ ఇబ్బంది లేదు. నాకిచ్చేది జీతమా, వాటానా అన్నది మాత్రం ఇంకా మాట్లాడుకోలేదు. ఏడాదిగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం. ‘ఇదేనా నా కెరీర్? పెళ్లిచూపుల్లో ఏం చెప్పాలి? ఆర్డర్లు ఆగిపోతే?’ అని ఒకటే ఆలోచనలు. ఈసీజీ, టూడీ ఎకో నార్మల్ అన్నారు. ఈమధ్య తెలిసినవాళ్లు ఇచ్చిన ఆల్‌ప్రజోలం మాత్ర సగం వేసుకుంటే నిద్ర పడుతోంది. వాడొచ్చా? మళ్లీ పరీక్షలు రాస్తే ఈ టెన్షన్ తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. ఆల్‌ప్రజోలం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. వేసుకున్న రాత్రి హాయిగానే ఉంటుంది. కానీ రోజూ వాడితే కొన్ని వారాల్లోనే అలవాటుగా మారుతుంది. ఆ తర్వాత అది లేకపోతే నిద్ర పట్టదు, ఆందోళన మునుపటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. మద్యంతో కలిస్తే ప్రాణానికే ముప్పు. ఎప్పుడో ఒకసారి వేసుకుని ఉంటే ఇక మానేయండి. వారాల తరబడి రోజూ వేసుకుంటున్నారా? అయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి.

గుండె పరీక్షలు బాగానే ఉన్నాయి కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. అలాగని మీ గుండెదడ ఉత్తి భ్రమేమీ కాదు. భయం పుట్టగానే శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. దాంతోనే గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు తడుస్తాయి, కడుపు తిప్పుతుంది. అయితే మీరు రాసిన పరీక్షల్లో థైరాయిడ్ లేదు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. అందుకని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), రక్తహీనత ఉందేమో తెలియడానికి హిమోగ్లోబిన్ చేయించండి. టీ కూడా లెక్కపెట్టుకోండి. లారీ లోడయ్యేదాకా పక్కనే నిలబడేవారికి ఎన్ని కప్పులు పడ్డాయో గుర్తుండదు. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ వద్దు.

అదుపు చేసుకోలేని ఆందోళన 6 నెలలకు మించి చాలా రోజులు వెంటాడుతూ, నిద్ర చెడటం, అలసట, చిరాకు, ఏకాగ్రత తగ్గడం, మెడా భుజాలూ బిగుసుకుపోవడం లాంటివి తోడైతే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ కావచ్చని అనుమానిస్తాం. ఉత్తరం చూసి నిర్ధారించలేను. మానసిక వైద్యుణ్ని కలిస్తే మాట్లాడి తేలుస్తారు.

ఇక మళ్లీ పరీక్షలు రాసే సంగతి. ఆ ఉద్యోగం మీద ఇప్పటికీ మనసుంటే తప్పకుండా రాయండి. టెన్షన్ పోగొట్టుకోవడానికైతే మాత్రం వద్దు. అప్పట్లో కీ విడుదలైన రాత్రి మీరు ప్రశాంతంగా నిద్రపోయారా? ఆందోళన స్వభావమే అంత. ఒక విషయం తీరితే ఇంకోటి పట్టుకుంటుంది. పర్మినెంట్ ఉద్యోగం ఉన్నవాళ్లు బదిలీ గురించీ, ప్రమోషన్ గురించీ ఇదే గుండెదడతో మా ఓపీకి వస్తుంటారు. మీకు పని దొరికింది, అది నచ్చింది కూడా. ముందుగా అనుకున్నది కాకపోవడం జబ్బేమీ కాదు. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. దిగులు పడనివాణ్ని ‘నీకసలు బెంగే లేదా?’ అని నిలదీస్తారు. అలా పెరిగిన పిల్లలకు ఆందోళన పడటమే బాధ్యతగా ఉండటం అనిపిస్తుంది. మూడింటికి లేచి మీరు చేస్తున్నది అదేనని నా ఉద్దేశం. ఆ గంటల ఆలోచనతో ఒక్క నిర్ణయమైనా జరిగిందా, మీరే చూసుకోండి.

ఇలా చేసి చూడండి. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక నోట్‌బుక్ పట్టుకుని 20 నిమిషాలు కూర్చోండి. మనసులో ఉన్నవన్నీ రాయండి. ‘బెంగళూరు పార్టీ బాకీ ఎప్పుడిస్తాడో’ అన్నదానికి చేయదగ్గ పని ఉంది. ‘రేపు పదింటికి ఫోన్ చేయాలి’ అని పక్కనే రాసుకోండి. ‘పదేళ్ల తర్వాత ఈ వ్యాపారం నడుస్తుందా’ అన్నదానికి ఈరోజు చేయగలిగిందేమీ లేదు. దానికి గీత కొట్టి వదిలేయండి. రాత్రి ఆలోచన మొదలైతే దాన్ని తరిమేయాలని పోరాడకండి, ‘సాయంత్రం ఆరింటికి చూద్దాం’ అని వాయిదా వేయండి. మొదట్లో వినదు. కొన్ని వారాలు విడవకుండా చేస్తే పట్టు సడలుతుంది.

మెలకువ వచ్చినప్పుడు గడియారం చూడొద్దు, ఫోన్ ముట్టుకోవద్దు. దాదాపు 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కుర్చీలో కూర్చోండి. కునుకు వస్తున్నప్పుడే మళ్లీ పడుకోండి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలి.

మీ ఆందోళనంతా ఉత్తిదేనని నేననను. జీతమా, వాటానా తేలకపోవడం నిజమైన సమస్యే, రాత్రి ఆలోచనలతో అది తెగదు. మామయ్య కదా, డబ్బు మాట ఎలా ఎత్తాలన్న మొహమాటం నాకు అర్థమవుతుంది. గొడవలా కాకుండా, ‘మామయ్యా, పెళ్లి మాటలు నడుస్తున్నాయి, నా సంగతి ఒక కాగితం మీద పెట్టుకుందాం’ అని అడగండి. అది తేలితే పెళ్లిచూపుల్లో తలవంచుకునే పనుండదు. నర్సరీ వ్యాపారం చేస్తున్నానని సూటిగా చెప్పొచ్చు. ‘ప్రస్తుతానికి’ అన్న మాట తగిలించకండి.

వీటితో నెలలో తేడా కనిపించకపోతే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరునూ, అలవాట్లనూ మార్చే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది. అవసరమైతే ఆందోళన తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆల్‌ప్రజోలంలా అలవాటు పడవు. తగ్గిందని సొంతంగా ఆపేయకూడదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ సేవ 24 గంటలూ ఉచితంగా, తెలుగులో అందుతుంది. బతకడం వృథా అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు డాక్టర్‌ని కలవండి. నడిస్తే ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, అకారణంగా బరువు తగ్గడం ఉంటే ఫిజీషియన్‌కు చూపించుకోవాలి.

ఈ వారంలో రెండు పనులు పెట్టుకోండి: థైరాయిడ్ పరీక్ష, మామయ్యతో మాట. రిపోర్టు, నోట్‌బుక్ రెండూ పట్టుకుని మానసిక వైద్యుణ్ని కలవండి.

– మానసిక వైద్య నిపుణులు