తెర మీద సున్నా, తప్పు వైరుది కాదు

ప్రశ్న: ఇన్‌స్ట్రుమెంటేషన్ బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంప్యూటరు), స్కాడా (ప్లాంటును తెర మీద చూపే సాఫ్ట్‌వేర్) కోర్సు కూడా చేశాను. ఇంటర్వ్యూలో ‘మోడ్‌బస్ (పరికరాలు సమాచారం పంపుకునే పద్ధతి) మీద ఉష్ణోగ్రత కొలిచే ట్రాన్స్‌మీటర్ 25.0 డిగ్రీలు పంపుతోంది, తెర మీద 0.0 కనిపిస్తోంది, ఎందుకు?’ అని అడిగారు. వైరు తెగిందన్నాను. నవ్వారు. నేను సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడం మంచిదా?

జవాబు: ఈ ఒక్క కారణంతో మాత్రం వెళ్లకండి. వైరు తెగితే మామూలుగా కమ్యూనికేషన్ లోపమని అలారం వస్తుంది. ఇక్కడ సందేశం క్షేమంగానే చేరింది, చదవడంలోనే తేడా వచ్చింది.

మోడ్‌బస్ 1979 నాటిది. దాని రిజిస్టర్‌లో, అంటే విలువను ఉంచే ఒక్కో గడిలో, పట్టేది 16 బిట్లే (0 లేదా 1 అంకెలే). దశాంశ సంఖ్యకేమో ఐఈఈఈ 754 అనే ప్రామాణిక పద్ధతిలో 32 బిట్లు కావాలి: గుర్తుకు 1, ఘాతానికి 8, భిన్నానికి 23. అందుకే ఒక్క విలువ రెండు రిజిస్టర్లలో సర్దుకుంటుంది. 25.0 అయితే ఒకదానిలో 16840, రెండోదానిలో 0. ఏది ముందు పంపాలన్నది తయారీదారుల ఇష్టం. అవి ముందువెనకలైతే దశాంశ బిందువు తర్వాత నలభై సున్నాలున్న సంఖ్య తయారవుతుంది. తెర దాన్ని 0.0 అని చూపిస్తుంది.

వాళ్లు అడగనిది మరొకటి ఉంది. ఇదే 32 బిట్ల సంఖ్యలో ఫ్లోమీటర్ మొత్తాన్ని 0.1 చొప్పున కూడుతూ పోతే లెక్క 20,97,152 దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పక్కపక్క విలువల మధ్య ఎడం 0.25. కలిపే 0.1 అందులో సగమైనా లేదు కాబట్టి ప్రతిసారీ మాయమవుతుంది. పైపులో నీరు మాత్రం పారుతూనే ఉంటుంది!

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది కోర్సుల్లో రంగులు మారే వాల్వుల బొమ్మలు గీయడం నేర్చుకుని వస్తారు. బాగానే ఉంటాయి, కానీ కమిషనింగ్ రోజున, అంటే ప్లాంటును మొదటిసారి నడిపించేటప్పుడు, ఆదుకునేది రిజిస్టర్ మ్యాప్ (ఏ రిజిస్టర్‌లో ఏ విలువ ఉందో చెప్పే పట్టిక) చదవడం తెలిసినవాళ్లే. మళ్లీ ఫీజు కట్టకండి. ఉచిత మోడ్‌బస్ సిమ్యులేటర్లు దొరుకుతాయి, ఏదైనా ట్రాన్స్‌మీటర్ మాన్యువల్ ముందు పెట్టుకుని సాధన చేయండి.

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో, విశాఖ రిఫైనరీలో, పరవాడ ఫార్మా సిటీలో ఈ పని ఉంటుంది. షిఫ్టులూ ఉంటాయి. అవి మీకు సరిపడవంటే సాఫ్ట్‌వేర్‌కు మారండి, నేను కాదనను.

ఈ రాత్రికి 100.0ను కాగితం మీద బిట్లలోకి మార్చండి. మొదటి రిజిస్టర్‌లో 17096 రావాలి.