నీటి శాంపిల్‌తో తేలకపోతే ఆల్చిప్పను చూడండి
కాలువ సముద్రంలో కలిసేచోట మూడుసార్లు నీళ్లు తీస్తే సీసం (లెడ్) అంకె మూడు రకాలుగా వచ్చిందన్నారు కదా, టెన్షన్ వద్దు. ల్యాబ్ తప్పు కాకపోవచ్చు. ఆటుపోట్లకు నీళ్లు గంటగంటకూ మారిపోతాయి. రాయికి అంటుకున్న ఆల్చిప్ప (మస్సెల్) మాత్రం కదలదు. నీటిని వడకడుతూ నెలల తరబడి లోహాలను ఒంట్లో పోగేసుకుంటుంది. అమెరికాలో 1986లో మొదలైన 'మస్సెల్ వాచ్' అనే తీర కాలుష్య పరిశీలన కార్యక్రమం ఆధారపడింది దీనిమీదే.

ఒకే జాతివి, ఒకే సైజువి కాలువ దగ్గర ఇరవై, దూరంగా శుభ్రమైన చోట ఇరవై ఏరండి. విప్పే ముందు ఒక రోజు శుభ్రమైన సముద్రపు నీటిలో ఉంచండి. లేదంటే పేగులోని బురదను కూడా కొలిచేస్తారు (నేనూ మొదట్లో అదే చేశాను). లెక్క ఎండు బరువు (మాంసాన్ని పూర్తిగా ఆరబెట్టాక ఉండే బరువు) మీద వేయండి. జింక్‌ను మాత్రం అవి కొంతవరకు తామే అదుపు చేసుకుంటాయి, ఆ అంకెను అంతగా నమ్మకండి.