నిద్రలో మెదడు గీతలు చూసి గ్రూపు మార్చేస్తారా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల గుంటలు చేస్తారు. పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. పదో తరగతిలో లెక్కల్లో 96 వచ్చాయి. ఇప్పుడు వారం వారం పెట్టే టెస్టుల్లో మార్కులు పడిపోతున్నాయి. తెలిసినవాళ్లు చెబితే దసరా సెలవుల్లో ఒక రాత్రి తలకు బ్యాండు కట్టించి మెదడు తరంగాలు తీయించాం. 'నిద్రలో రావాల్సిన తరంగాలు తక్కువగా ఉన్నాయి, లెక్కల బుర్ర కాదు, ఆర్ట్స్‌లో వేయండి' అని రిపోర్టు ఇచ్చారు. అప్పట్నుంచి పాప 'నా బుర్ర ఇంతేలేమ్మా' అంటోంది. సీఈసీకి మార్చమంటారా? ఇలాంటి పరీక్షలు చేయాలంటే ఏం చదవాలని కూడా పాప అడుగుతోంది. టెస్టు పేపర్లు, హాస్టల్ టైమ్ టేబుల్ ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, గ్రూపు మార్చకండి. ఆ రిపోర్టు చూసి మాత్రం అస్సలు మార్చకండి. పాప అన్న ఆ ఒక్క మాట చదివి నాకు చాలా బాధేసింది. పదహారేళ్ల పిల్ల తన బుర్ర మీద తీర్పు వచ్చేసిందని నమ్ముతోంది. ముందు ఆ నమ్మకాన్ని తీసేయాలి.

రిపోర్టులో రాసిన తరంగాలు అబద్ధం కాదు. వాటిని స్లీప్ స్పిండిల్స్ అంటారు. స్పిండిల్ అంటే రాట్నం కదురు. మెదడు గీతల్లో ఇవి కదురులాగే మధ్యలో లావుగా, రెండు చివర్లా సన్నగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. మరీ గాఢం కాని నిద్రలో ఇవి ఎక్కువ. సెకనుకు 11 నుంచి 16 సార్లు ఊగుతూ, ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతాయి. మెదడు లోపల థలామస్ అనే భాగంలో పుడతాయి. ఒక్కో మనిషిలో వీటి తీరు ఒక్కోలా ఉంటుంది, రాత్రి రాత్రికీ పెద్దగా మారదు. తెలివితేటల పరీక్షల్లో వచ్చే మార్కులకూ వీటికీ కొంత సంబంధం ఉందని పరిశోధకులు చూశారు. ఆ సంబంధం చిన్నది. పైగా అది చాలామందిని కలిపి లెక్క వేసినప్పుడు కనిపించేది.

మీవారు చేతివల విసిరి రొయ్యల కౌంట్ చూస్తారు కదా. 50 కౌంట్ అని, అంటే కిలోకి 50 రొయ్యలని తేలితే అది గుంట మొత్తం సగటు. ఆ అంకె పట్టుకుని అడుగున తిరిగే ఫలానా రొయ్య ఇంత బరువుంటుందని ఎవరైనా చెబితే ఆయన ఒప్పుకుంటారా? మీకు రిపోర్టు ఇచ్చినవాళ్లు చేసింది అదే. అదీ ఒక్క రాత్రి చూసి, నుదుటి మీద బ్యాండు కట్టి. కొత్తగా తలకు ఏదో కట్టుకుని పడుకుంటే మొదటి రాత్రి ఎవరికైనా నిద్ర సరిగ్గా పట్టదు. నిద్ర పరీక్షలు చేసే ల్యాబుల్లో ఈ విషయం అందరికీ తెలుసు. స్పిండిల్స్ చూసి ఎంపీసీయా, సీఈసీయా అని చెప్పే పరీక్ష ఈ రోజుకి ఎక్కడా లేదమ్మా.

ఇక పేపర్ల సంగతి. మూడింటినీ రెండేసి సార్లు చూశాను. మాట్రిసెస్ లెక్కలో పద్ధతి మొత్తం సరైనదే, ఒక లైనులో ఉన్న మైనస్ తర్వాతి లైనులో ప్లస్ అయింది. సరళరేఖల లెక్కలో 13 అని ఉన్నదాన్ని 31 అని దించుకుంది. తప్పులన్నీ పేపరు రెండో సగంలోనే ఉన్నాయి. లెక్కలు రాని పిల్ల తప్పులు ఇలా ఉండవు. అలసిపోయిన కళ్లు చేసే తప్పులివి. దసరాకి ఇంటికొచ్చినప్పుడు ఆ లెక్కలే చేయించి ఉంటే మీకే తెలిసేది. ఈసారి వచ్చినప్పుడు రెండు రోజులు కడుపునిండా నిద్రపోనిచ్చి, మూడో రోజు పొద్దున అదే పేపరు మళ్లీ ఇచ్చి చూడండి.

టైమ్ టేబుల్‌లో రాత్రి స్టడీ అవర్స్ అయ్యేసరికి పదకొండు, పొద్దున బెల్లు నాలుగున్నరకి. పడక ఎక్కి నిద్ర పట్టేసరికి మిగిలేది అయిదు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఈ వయసులో నిద్ర రప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. తొమ్మిదింటికి పడుకోమన్నా చాలామందికి నిద్ర రాదు. అది బద్ధకం కాదు.

తెల్లవారుజామున లేపితే పోయేది విశ్రాంతి ఒక్కటే కాదు. నిద్ర సుమారు 90 నిమిషాల విడతలుగా నడుస్తుంది. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర, దాని పెద్ద పెద్ద నెమ్మది అలలు ఎక్కువ. చివరి విడతల్లో కలలొచ్చే నిద్ర, ఇందాక చెప్పిన కదురు గీతలుండే నిద్ర ఎక్కువ. నాలుగున్నర బెల్లు కోసేది ఆ చివరి విడతలనే. స్పిండిల్స్ తక్కువని రిపోర్టు రాయించుకున్న పాపకు, అవి వచ్చే వేళలో రోజూ నిద్ర లేపుతున్నారు, చూడండి.

నిద్రలో మెదడు ఏం చేస్తుందో మీకు గుంటల భాషలోనే చెబుతాను. రాత్రిపూట గుంట నిద్రపోతున్నట్టే ఉంటుంది. కానీ తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని మీవారు ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపరు. మూడింటికి కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెడతారు. పాప నిద్రలోనూ పని ఆగదు. పగలు చదివింది ముందు హిప్పోక్యాంపస్ అనే చోట తాత్కాలికంగా ఉంటుంది. నిద్రలో అక్కడి కణాలు ఆ పాఠాన్ని మళ్లీ మళ్లీ తిప్పుకుంటాయి, నెమ్మదిగా అది మెదడు పైపొరల్లో నిలుస్తుంది. ఎలుకల మెదళ్లలో ఈ తిప్పుకోవడాన్ని 1994లో విల్సన్, మెక్‌నాటన్ స్పష్టంగా చూపించారు. అంతకు ఎంతో ముందే, 1924లో, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టించారు. అన్నే గంటలు మెలకువగా ఉన్నప్పటికంటే నిద్రపోయి లేచినప్పుడే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి.

పరీక్ష ముందు రోజు పడుకుంటే చాలదా అని చాలామంది తండ్రులు నన్ను అడుగుతారు. చాలదు. అమెరికాలోని ఎంఐటీలో సుమారు వంద మంది విద్యార్థుల నిద్రను ఒక సెమిస్టర్ పాటు చేతి బ్యాండ్లతో కొలిచి, 2019లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షకు ముందు ఒక్క రాత్రి నిద్రకూ మార్కులకూ సంబంధం కనిపించలేదు. ఆ పాఠాలు నేర్చుకుంటున్న వారాల్లో ఎంతసేపు, ఎంత క్రమంగా పడుకున్నారో దానికీ మార్కులకూ కనిపించింది.

మీరు, మీవారు కలిసి వెళ్లి వార్డెన్‌తో, ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. గొడవగా కాదు, పేపర్లు చేతిలో పెట్టుకుని మాట్లాడండి. పది గంటలకు పడుకోనిచ్చి ఆరింటికి లేపమని అడగండి. అంత కుదరకపోతే పొద్దున స్టడీ అవర్ ఒక్కటైనా వదిలేయమనండి, మధ్యాహ్నం భోజనం తర్వాత 20 నిమిషాలు కునుకు తీయనివ్వమనండి. సాయంత్రం తర్వాత టీ వద్దు. అస్సలు ఒప్పుకోకపోతే రెండో సంవత్సరానికి కాలేజీ మార్చడం గురించి ఆలోచించండి, గ్రూపు మార్చడం గురించి కాదు. ఒకవేళ ఇంట్లో ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతున్నా, గట్టిగా గురక పెడుతున్నా డాక్టరుకు చూపించండి, రక్తం తక్కువుందేమో కూడా పరీక్ష చేయించండి.

పాప ప్రశ్నకు జవాబు ఆనందంగా రాస్తున్నాను. మెదడు గీతలు తీసే విద్యను ఈఈజీ అంటారు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు గీతలు తీశాడు, 1929లో ప్రచురించాడు. ఈ రంగానికి బైపీసీ ఒక్కటే దారి కాదు. ఆ గీతల్లోంచి కదురును కనిపెట్టేది లెక్కలే, తనకి రావని రిపోర్టు చెప్పిన ఆ లెక్కలే. ఎంపీసీ చదివి బయోమెడికల్ ఇంజినీరింగ్‌కో, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ అయిన ఈసీఈకో వెళ్లొచ్చు. మీకు దగ్గర్లో తిరుపతిలోనే 2015లో మొదలైన ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఉంది. దానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి, ఎంపీసీ వాళ్లూ రాయొచ్చు. డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మెదడు, ఆలోచన మీద చదువు చెప్పే సెంటర్ ఉంది. పరిశోధనకైతే బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ, హర్యానాలోని మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి.

ఇంట్లో మళ్లీ రాయించిన పేపరును దిద్దకుండానే నాకు పంపండి. ఈ జవాబు పాపను కూడా చదవనివ్వండి. కవరు మీద తన పేరు రాస్తే తనకే విడిగా రాస్తాను.