రీళ్ళు వాయిస్తే చెయ్యి పాడవుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకుంటున్నాడు, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చాడు. ఈమధ్య డేవ్ స్వార్‌బ్రిక్ అనే ఇంగ్లండ్ ఫిడేలాయన ‘రాగ్స్, రీల్స్ అండ్ ఎయిర్స్’ ఆల్బం పట్టుకుని పొద్దస్తమానం అందులోని రీళ్ళే, అవేవో నాట్యపు వరసలట, వాయిస్తున్నాడు. అందులో పాట లేదు, మాట లేదు. ఒకే ముక్క తిప్పి తిప్పి వస్తుంది. వాళ్ళ గురువుగారు విని ‘ఇది సంగీతం కాదు, సర్కస్. చెయ్యి పాడవుతుంది’ అని కోప్పడ్డారు. వీడేమో పాఠానికి వెళ్ళనని భీష్మించుకున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, గురువుగారి మాటలో కొంత నిజం ఉంది, ముందు అది చెప్తాను. మన వయొలిన్ తీగల శ్రుతి స–ప–స–ప. ఇంగ్లండ్ వాళ్ళది జి–డి–ఎ–ఇ. వాళ్ళకి ఏ రెండు పక్క తీగలు తీసుకున్నా మధ్య దూరం షడ్జమానికీ పంచమానికీ ఉన్నంత. మనకి నడిమి రెండు తీగల మధ్య మాత్రం అది మధ్యమం దూరానికి తగ్గుతుంది. అందుకే తీగ మారగానే వేలు తడబడుతుంది. పైగా మన శ్రుతికి అలవాటైన తీగల్ని సాయంత్రం పైకి లాగి పొద్దున్నే దించుతూ ఉంటే అవి ఎక్కువ కాలం నిలవవు. బిరడాలు జారతాయి. మన ఊరి సముద్రపు గాలికి అవి అసలే మొరాయిస్తాయి! కాబట్టి ఒకే వాద్యం మీద రెండూ వద్దు. పాతదో చవకదో ఇంకొకటి కొనిపెట్టండి. కింద కూర్చుని కొనని పాదం మీద ఆన్చి వాయించేది పాఠానికి, నిలబడి గడ్డం కింద పెట్టుకునేది స్వార్‌బ్రిక్‌కి. ఏది వాయిస్తున్నాడో ఒంటికే తెలిసిపోతుంది.

సర్కస్ అన్నమాట మాత్రం నేను ఒప్పుకోను. మీవాడికి మొదట్లో ‘శక్తి సహిత గణపతిం’ నేర్పించే ఉంటారు కదా? అది నొట్టుస్వరం. ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవాళ్ళ బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. ‘సంతతం పాహిమాం’ వరస సాక్షాత్తూ ఇంగ్లండ్ రాజుగారి గీతానిదే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర ఫిడేలు నేర్చుకోబట్టే ఆ వాద్యం మన కచేరీల్లోకి వచ్చింది. దీక్షితులవారికి లేని అంటు మీవాడికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ఆ ఆల్బం సంగతి. పేరులోని ‘రాగ్స్’ అంటే మన రాగాలు కావు, రాగ్‌టైమ్ అనే ఊపు వరసలు. 1967లో వచ్చింది, అప్పటికి స్వార్‌బ్రిక్‌కి పాతికేళ్ళు దాటాయంతే. గిటార్ల మీద మార్టిన్ కార్తీ, డిజ్ డిస్లీ. కార్తీది జానపద బాణీ, డిస్లీది జాజ్ చెయ్యి. ఈ డిస్లీయే తర్వాత జాజ్ వయొలిన్ మహానుభావుడు స్టెఫాన్ గ్రాపెల్లీకి గిటార్ సహకారం ఇచ్చాడు. స్వార్‌బ్రిక్ చిన్నప్పుడు శాస్త్రీయంగా వయొలిన్ నేర్చుకుని, కుర్రతనంలో దాన్ని అటకెక్కించి గిటార్ పట్టాడు. బెరిల్ మారియట్ అనే పియానో వాద్యకారిణి తమ నాట్యాల బృందంలోకి తీసుకుని, మళ్ళీ ఫిడేలు పట్టించింది. మీ ఇంట్లో ఈ ముక్క కాస్త గట్టిగానే చదవండి. మానేసిన వాద్యం తిరిగి చేతికి రావడానికి ఒక పెద్దావిడ ప్రోద్బలం కావాల్సి వచ్చింది.

ఒకే ముక్క తిప్పుతున్నారన్నారు. రీల్ అనేది కాళ్ళ కోసం పుట్టిన వరస. ఎనిమిది బార్ల, అంటే తాళపు చిన్న ఆవృత్తాల, భాగం ఒకటి, దాన్ని రెండుసార్లు. ఇంకో ఎనిమిది, అదీ రెండుసార్లు. మొత్తం 32. ఆడేవాళ్ళ అడుగులు ఆ లెక్కకే పడతాయి. అరకులో ధింసా ఆడుతుంటే డప్పు అదే దరువు మళ్ళీ మళ్ళీ వేస్తోందని ఎవరైనా విసుక్కుంటారా? తిరిగి వచ్చిన ప్రతిసారీ వాద్యకారుడు ఏం మార్చాడన్నదే వినాలి. ఉదాహరణకి గాంధారం మీద నిలిచినచోట, రెండోసారి ‘గమగరిగ’ అని ఐదు స్వరాలూ ఒక్క కమాను విసురులో చుట్టేస్తారు. రోల్ అంటారు దాన్ని. మన గమకంలా ఊగదు, చిటికెలో తెగిపోతుంది.

అసలు విద్య కుడిచేతిలో ఉంది. ఎనిమిది స్వరాలకి ఎనిమిదిసార్లు కమాను అటూ ఇటూ తిప్పితే కుట్టుమిషను చప్పుడు వస్తుంది. మూడు స్వరాలు ఒక లాగుడులో కలిపి, నాలుగోది విడిగా తోసి, ఆ కలిపేచోటు తాళం దెబ్బ మీద పడకుండా కాస్త పక్కకి జరపాలి. ఊపు అక్కడే పుడుతుంది. మన పిల్లలు ఎడమచేతి గమకాల మీద పెట్టినంత శ్రద్ధ కమాను మీద పెట్టరు. కాబట్టి చెయ్యి పాడవడం మాట అటుంచి, ఆ కుడి మణికట్టు కాస్త బాగుపడొచ్చని నా ఆశ.

మాట లేదన్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పెరిగిన ఊళ్ళో ఉండి ఆ మాట అనకండమ్మా! గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్‌ని సోలో కచేరీకి ముందుకు తెచ్చినవారిలో ఆయన పేరు ముందుంటుంది. 1936లో విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన పాత రికార్డులు నెట్‌లో దొరుకుతాయి. మీవాడికి అవీ వినిపించండి. కమాను ఎంత నిదానంగా లాగినా నాదం చెదరకుండా ఎలా ఉంటుందో చూడమనండి.

స్వార్‌బ్రిక్ దగ్గర నేర్చుకోకూడనివీ ఉన్నాయి. నోట్లో సిగరెట్టు పెట్టుకుని వాయించడం ఆయనకి పరిపాటి. 2004లో రెండు ఊపిరితిత్తులూ మార్చాల్సి వచ్చింది. 1969లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బ్యాండులో చేరి, ఏళ్ళ తరబడి ఆ స్పీకర్ల హోరులో వాయించి చెవి పాడుచేసుకున్నాడు. మీవాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నట్టయితే శబ్దం తగ్గించమనండి. 1999లో ఆయన ఆసుపత్రిలో ఉండగానే పోయాడని లండన్ పత్రిక ఒకటి సంస్మరణ వేసేసింది. ఆయన తాపీగా 2016 దాకా బతికాడు.

పాఠం మాత్రం మాననివ్వకండి. ముందు మీరొక్కరే వెళ్ళి గురువుగారితో మాట్లాడండి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకెళ్తే ఇద్దరికీ పంతం. రెండో వయొలిన్ సంగతి దాచకండి. వరసల్లో ఒక ఎయిర్, అంటే నాట్యంతో పనిలేని నిదానపు వరస, ఎంచుకుని ఆయన ముందు వాయించమనండి. రీళ్ళు ఆ రోజుకి వద్దు.